కంచులో పోసిన పేరు

వీరనాగమ్మ అని, గంటలు పోసేవాళ్ళ ఇంటి పెద్దకోడలు. ఏ ఊరని అడగమాక, మా పుట్టింటికి మూడూళ్ళ అవతల అనుకో, చాలు. ఆ ఇంట్లో కంచు గంటలు పోస్తారంట. గుడిగంటలు, ఎద్దుల మెడలో కట్టేవి, మేకలకి కట్టే చిన్నయ్యి, అన్నీ పోస్తారు. ఎట్టా పోస్తారో తెలుసా మీకు? ఏడ తెలుసుద్దిలే, పొగాకు గుచ్చే చేతులు మనయ్యి. ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారంట. దాని మీద తేనెమైనం పొదుగుతారు. మైనం మీద మళ్ళీ మట్టి మెత్తుతారు. కాలిస్తే లోపల మైనం కరిగి కారిపోద్ది, ఆ సందులో కరిగిన కంచు పోస్తారు. మైనం పనంతా ఆ ఇంట్లో ఆడవాళ్ళదే. గంట అంచు చుట్టూ పోసినాయన పేరు రావాలిగా, మైనాన్ని దారంలాగా సన్నగా పేని, ఒక్కో అక్షరం వంపు తిప్పి అంటించేది వీరనాగమ్మ. పోసేదేమో ఆమె మొగుడు సోమలింగాచారి. అంటే ఇరవై ఏళ్ళ నించి మొగుడి పేరు చేత్తో రాస్తానే ఉంది, నోటితో మాత్రం ఒక్కసారన్నా అన్లేదు. నవ్వుతావేందే? నువ్వన్నావా నీ మొగుడి పేరు? మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుద్దని అనలేదంట. మరి రాస్తే తగ్గదా అంటే, తగ్గదంట. ఎందుకు తగ్గదో నన్నడగొద్దు, నేనేమన్నా చిత్రగుప్తుడి పక్కన కూచుని చూసొచ్చానా?

ఈ సోమలింగాచారి ఎట్టాంటోడంటే, కొత్తది ఏది కనబడినా దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగి, కిందకి వంగి చూసి, తట్టి చూసేరకం. ఒకసారి ఏమైందంటే, కర్నూలు అవతల నించి ఒక గుడి పెద్దలు వెతుక్కుంటా వచ్చారంట. మీరు పోసిన గంట మా పక్కూళ్ళో ఉంది, నాదం వింటే ఒళ్ళు జలదరించింది, ఎవరు పోశారా అని అంచు చూస్తే సోమలింగాచారి అని ఉంది, ఏ ఊరి సోమలింగాచారో తెలీక ఆర్నెల్లు తిరిగాం అన్నారంట. ఆర్నెల్లే! ఆ మాట ఈయన బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. పేరుంది, చిరునామా లేదు. గంట అంచు మీద ఊరు, జిల్లా, పోస్టాఫీసు అంతా పోయాలంటే గంట ఎంత పెద్దది కావాలి? టౌన్లో జిరాక్సు, నెట్టు షాపు పెట్టుకున్న షంషాదు అని ఒక పిల్ల ఉంది. పిల్లంటే పిల్ల కాదులే, ముప్పై దాటినయ్యి, భలే చురుకైంది. ఆమె దగ్గరికి పోయి కూచున్నాడు.

షంషాదు చెప్పిందంట, బాబాయ్, ఇంటర్నెట్లో ఒక పేరు రాయించుకో, ఆ పేరు ఒక్కటి అంచు మీద పోస్తే చాలు, ఏ దేశంలో వాడైనా ఫోన్లో కొట్టి నీ గుమ్మం ముందుకు వస్తాడు. పేరు కొడితే నా గుమ్మం ఎట్టా తెలుసుద్దమ్మా? తెలుసుద్ది బాబాయ్, లోకంలో ఇట్టాంటి కంప్యూటరు ప్రతిదానికీ ఒక నెంబరుంటది, ఇంత పొడుగు నెంబరు, అది ఎవరికి గుర్తుంటది? అందుకని నెంబరుకి బదులు పేరు పెట్టారు. నువ్వు పేరు కొట్టగానే ఒక పెద్ద చిట్టాలో చూసి, ఈ పేరుకి ఈ నెంబరు, ఫలానా చోటుకి పో అని తోవ చూపిస్తారు. ఆ చిట్టా ఏడుంది? ఒక్కచోట కాదు, దేశదేశాల్లో ఉంది. మరి ఒకే పేరు ఇద్దరికి ఉంటే? మా ఊళ్ళోనే ముగ్గురు సోమలింగాలున్నారు గదమ్మా. అక్కడ ఒక పేరు ఒక్కరికే బాబాయ్, ముందెవరు రాయించుకుంటే వాళ్ళది. ఈయన నిటారుగా కూచున్నాడంట. అయితే మిగతా సోమలింగాలు నిద్రలేవక ముందే రాయించెయ్యమన్నాడు.

వెతికితే ఉత్త సోమలింగం ఎవరో ముందే ఎత్తుకుపోయారంట. ఆ సోమలింగం ఎవడా అని ఈయనకి అదో ఆరాటం, వాడి మొహం చూపించమని పట్టుపట్టాడు. అట్టా చూపించరు బాబాయ్ అని, పక్కన గంటలు అని చేర్చింది. సోమలింగం గంటలు, చివర డాట్ ఇన్. ఆ చివరిదేంది? ఇన్ అంటే మన దేశంలో పేరని గుర్తు బాబాయ్, మనిషికి ఇంటిపేరు ఉన్నట్టు. అవునా, మనకి ఇంటిపేరు ముందొస్తే దానికి వెనకొచ్చిందే అని, ఆ మాటకి రెండ్రోజులు నవ్వుకున్నాడంట. షంషాదు ఐదేళ్ళకి రాయించింది. రాయిస్తా ఒక మాట చెప్పింది, బాబాయ్, ఐదేళ్ళయ్యాక మళ్ళీ రాయించుకోవాలి, మర్చిపోమాక అని. ఆయన ఊఁ అన్నాడు. ఊఁ అన్నాడే గానీ చెవిలోకి పోలా. ఎందుకు పోలేదంటే, వాళ్ళ పని అట్టాంటిది. వాళ్ళు పేరు రాసేది కంచు మీద. తాత పోసిన గంట మీద తాత పేరు ఇప్పటికీ ఉంది, తాత ఏడున్నాడు? పేరు పొయ్యడం అంటే ఇక అది కదలదని వాళ్ళ లెక్క. వేరే కులంలో పుట్టినోడైతే అనుమానపడేవాడు, గంటలు పోసేవాడు పడలా.

ఇంటికొచ్చి పెళ్ళానికి కాయితం ఇచ్చాడంట. ఇంగ్లీషు అక్షరాలు. ఆమెకి ఇంగ్లీషు రాదు. రాకపోతేనేం, వంకరలు చూసి పేనేసింది. మొదటి గంటకి రోజంతా పట్టింది, పదో గంటకి కళ్ళు మూసుకుని పెట్టేసిందంట. ఇక అప్పట్నించి పోసిన ప్రతి గంట అంచు మీదా అదే. గంట కొన్నవాడు అంచు చూసి కొడతాడు, షంషాదు పెట్టిన గంటల బొమ్మలు కనబడతాయి, ఇంటి ఫోన్ నెంబరు కనబడుద్ది, నొక్కితే ఈడ మోగుద్ది. ఫోన్లో ఎవరన్నా, అమ్మా మీ వెబ్‌సైటు పేరేందమ్మా అంటే వీరనాగమ్మ చెప్పదు. చెప్పదు కదా, అందులో మొగుడి పేరు ఉంది! గంట అంచు మీద చూసుకో నాయనా అనేది. మా దగ్గర గంట లేదమ్మా, కొత్తగా కొనాలి అంటే, అయితే మా మరిది వచ్చిందాకా ఆగు, ఆయన చెప్తాడు అనేది. మరిదేమో బ్రహ్మయ్య, అన్నతోపాటే పోత పోస్తాడు, మాట తక్కువ మనిషి.

నాలుగో ఏడు సోమలింగాచారి పోయాడు. విషజ్వరం వచ్చింది, పదకొండు రోజులు, అంతే. ఆ కబురు చెప్పడం నాకిష్టం లేదు గానీ, చెప్పకుండా కథ నడవదు.

తర్వాత ఏమైందంటే, వదినా మరిదీ ఇద్దరూ పని ఆపలేదు. బ్రహ్మయ్య పోస్తన్నాడు, ఈమె మైనం పెడతంది, అంచు మీద అదే పేరు. ఏడాది గడిచింది. గడిచాక ఫోన్ మోగడం ఆగిపోయింది. ఒక వారం చూశారు, రెండు వారాలు చూశారు. వర్షాకాలం గదా, ఎవరు కొంటారులే అనుకున్నారు. అట్టా అనుకుంటా ఉండగా ఒక గొర్రెలాయన, గొంగడి భుజానేసుకుని, చేతిలో గంట పట్టుకుని బస్సు దిగి వచ్చాడంట. అమ్మా, ఇట్టాంటియ్యే ఇంకా పది కావాలి, మా అల్లుడు ఫోన్లో మీ పేరు కొడితే ఏమీ రాలా, తెల్లగా ఉంది, అందుకని నేనే ఊరూరా అడుగుతా వచ్చా అన్నాడు. బ్రహ్మయ్య ఏం చేశాడో తెలుసా? ఆ గంట తీసుకుని, చింతపండు పెట్టి అంచు తోమాడు! తోమి, ఎండలో పట్టి చూసి, అక్షరాలు అరగలేదే వదినా, బాగానే ఉన్నాయే, మరి ఎందుకు రావట్లేదూ అన్నాడంట. నవ్వండి, నవ్వండి. నాకూ మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది. కానీ వాళ్ళకి తెలిసింది అదే గదా. అక్షరం పోతే కంచు మీద పోవాలి, ఇంకేడ పోద్ది?

ఇద్దరూ షంషాదు షాపుకి పోయారు. ఆమె కొట్టి చూసి నాలిక కరుచుకుంది. పిన్నీ, ఐదేళ్ళు అయిపోయినయ్యి, ఎవరూ మళ్ళీ రాయించలేదు, పేరు మన చేతిలోంచి జారిపోతంది. జారిపోటం ఏందమ్మా, ఆయన కొన్నాడు గదా? కొనడం కాదు పిన్నీ, ఆ పేరు ఎవరికీ సొంతం కాదు, రాయించుకున్నన్నాళ్ళే మనది. గడువు అయిపోతే కొన్నాళ్ళు మనకోసం పక్కన పెడతారు. ఆ కొన్నాళ్ళలో ఇప్పటికే చాలా అయిపోయినయ్యి, ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ తర్వాత ఎవడికైనా ఇచ్చేస్తారు. ఎవడికైనా అంటే? ఎవడికైనా పిన్నీ, ముందు అడిగినోడికి. పేకాట ఆడించేవాడు తీసుకున్నా అడిగేవాడు లేడు. అప్పుడు మన గంట చూసి పేరు కొట్టినోడికి వాడి పేకాట కనబడుద్ది.

అప్పుడు వీరనాగమ్మకి అంతా కళ్ళ ముందు బొమ్మ కట్టిందంట.  ఐదేళ్ళలో ఎన్ని గంటలు పోయినయ్యి! గుళ్ళల్లో వేలాడతన్నయ్యి, ఎద్దుల మెడల్లో ఊగుతున్నయ్యి, ఏ కొండల్లోనో గొర్రెల వెనకాల పోతన్నయ్యి. ప్రతిదాని మీదా తన చేత్తో పెట్టిన అక్షరాలు. అన్నిటినీ వెనక్కి పిలిచి చెరపడం అయ్యేపనేనా? మొగుడి పేరు పెట్టుకుని ఎవడో పేకాట ఆడిస్తంటే, గుడికి పోయినోళ్ళు ఆ పేరు చూసి ఏమనుకుంటారు? అయితే ఇప్పుడే మళ్ళీ రాయించమ్మా, నా చెవుల కమ్మలు అమ్మయినా కడతా అంది. డబ్బు ఎంతో కాదు పిన్నీ, చిక్కు అది కాదు. అదంతా ఇంటి ఫోను మీద కాదు, బాబాయి సొంత ఫోన్ నెంబరు మీద ఉంది. తెరవాలంటే ఆ నెంబరుకి అంకెలు వస్తాయి, ఆ నెంబరేమో మీరు రీఛార్జి చెయ్యక పోయింది. ఇక ఒకటే దారి, ఆయన పోయాడని కాయితం, నువ్వు భార్యవని కాయితం పెట్టి, పేరు నీ పేరు మీదకి మార్చమని కంపెనీ వాళ్ళని అడగాలి.

కాయితాలు పట్టుకొచ్చారు. తిప్పలు పడ్డారు, అదంతా చెప్తే మీ ఆకు గుచ్చడం అయిపోద్ది. అర్జీలో పేరు కలిగినవారు అని గడి ఉంటే, షంషాదు రాస్తానంది, వద్దు నేనే రాస్తా అని వీరనాగమ్మ పెన్ను తీసుకుని, మైనం పేనినంత శ్రద్ధగా కొల్లిపర సోమలింగాచారి అని రాసిందంట. రాయడానికి ఆమెకి భయం లేదు, చెప్పాగా. పంపించారు. మూడోరోజు జవాబు వచ్చింది, కాయితాలు బాగున్నయ్యి, బేస్తవారం పదకొండింటికి మేం ఫోన్ చేస్తాం, అర్జీ పెట్టినావిడే స్వయంగా మాట్లాడాలి, అడిగినవాటికి జవాబులు చెప్పాలి, అదంతా రికార్డు అవుద్ది అని. బేస్తవారం వచ్చేసరికి గడువు ఇక మూడు రోజులే ఉంటది. మళ్ళీ అర్జీ పెట్టుకునే వ్యవధి లేదు.

బేస్తవారం షాపులో కూచున్నారు. ఫోన్ మోగింది, షంషాదు స్పీకర్లో పెట్టింది. అవతల ఒకమ్మాయి, తెలుగే, మెత్తటి గొంతు. నమస్కారం అమ్మా, మీ పేరు చెప్పండి. వీరనాగమ్మ. మీ ఊరు? చెప్పింది. పేరు రాయించుకున్నాయన మీకు ఏమవుతారు? మా ఇంటాయన. ఆయన పేరు చెప్పండమ్మా. ఇక అంతే, ఈమె ఫోను వంకా షంషాదు వంకా చూస్తంది. అమ్మా, వినపడుతుందా? వినపడుతుంది తల్లీ. ఆయన పేరు చెప్పండి. అర్జీలో రాశాను గదమ్మా, చూసుకో. రాసింది ఉందమ్మా, మీ నోటితో చెప్పాలి. ఈమె ఒక ఉపాయం చేసింది, మన ఆడవాళ్ళం చేసేదే. అదేనమ్మా, నెత్తిన చందమామని పెట్టుకుంటాడే, ఆ దేవుడు. అవతల అమ్మాయి, చంద్రశేఖరా అండీ? అబ్బే కాదు తల్లీ, చందమామకి ఇంకో పేరుంది, అది ముందు రావాలి, గుళ్ళో మనం నీళ్ళు పోసే శివయ్య రూపం తర్వాత రావాలి. వెనక నించి బ్రహ్మయ్య తట్టుకోలేక, మా అన్న పేరు సోమలింగాచారండీ అని అరిచాడు. పుట్టాక అంత గట్టిగా మాట్లాడింది అదేనంట! ఆ అమ్మాయి అంది, అమ్మా, పక్కన ఎవరో చెప్తున్నారు, ఇట్టా అయితే నేను కాల్ ఆపెయ్యాలి, అర్జీ కొట్టేస్తారు. మా నాయనమ్మా మా తాత పేరు చెప్పదండీ, నాకు తెలుసు, కానీ రూలు మార్చడం నా చేతిలో లేదు. మీరే చెప్పాలి. నేను ఆగుతాను, నిమ్మళంగా చెప్పండి.

షంషాదు ఈమె చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పిందంట, పిన్నీ, ఇంకెందుకు భయం? ఆయుష్షు తగ్గుద్దని గదా చెప్పనిది, బాబాయి పోయి ఏడాది దాటింది, ఇంకేం తగ్గుద్ది? ఆమె మంచికే అంది. అందరం అదే అనేవాళ్ళం. అప్పుడు వీరనాగమ్మ అందంట, తగ్గేదేమీ లేదని నాకూ తెలుసమ్మా. బొట్టు తీశారు, గాజులు పగలగొట్టారు, కర్మ చేశారు, అన్నీ ఊళ్ళోవాళ్ళు చేశారు, నేను కూచున్నా. గుడిగంట మోగినప్పుడల్లా అంచు మీద పేరు కళ్ళకి కనబడుద్ది, నోరు మూసుకుంటా. నోరు మూసుకున్నన్నాళ్ళూ ఎక్కడో ఉన్నాడు, పోత గుంట దగ్గర ఉన్నాడు, అని ఉంటదమ్మా నాకు. నేను ఆ పేరు పలికానంటే ఇక లేడని నేనే ఒప్పుకున్నట్టు. చూశారా? ఏడాది పాటు ఆమె భయానికి నోరు కట్టుకోలేదు. మొగుడు ఉన్నాడని చెప్పడానికి ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్కటే, పేరు చెప్పకపోవడం. ఫోన్లో ఆ అమ్మాయి అంతా వింటంది. 

 జిరాక్సు మిషను ఒక్కటే చప్పుడు చేస్తంది, షంషాదు పోయి దాన్ని ఆపేసింది. వీరనాగమ్మ కళ్ళు మూసుకుందంట. మూసుకుని, వేళ్ళు రెండూ కలిపి, మైనం దారం పేనినట్టు ఉత్త గాల్లో పేనుతా ఒక్కో అక్షరమే అంది. సో. మ. లిం. గా. చా. రి. అని, కొంగు నోట్లో కుక్కుకుంది. బ్రహ్మయ్య గోడకి తిరిగి ఏడుస్తన్నాడు. అవతల ఆ అమ్మాయికి పని పనే గదా, అమ్మా, విడివిడిగా అన్నారు, ఒక్కసారి కలిపి చెప్పండి అంది. కొంగు తీసి కలిపి చెప్పింది. ఈసారి గట్టిగా చెప్పింది, రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారంట. ఇప్పుడు వెబ్‌సైటు పేరమ్మా. సోమలింగం గంటలు డాట్ ఇన్. మూడోసారికి తడబాటు లేదు, ఏదో ఎప్పుడూ పిలుస్తా ఉండే పేరులాగా వచ్చిందంట నోటికి.

సరేనమ్మా, పేరు మీ మీదకి మారుస్తున్నాను. ఎన్నేళ్ళకి పొడిగించమంటారు? ఈమెకి అర్థం కాలా. ఏంది తల్లీ పొడిగించేది? ఈ పేరు ఆయుష్షమ్మా, ఎన్నేళ్ళు కావాలో మీరే చెప్పాలి. ఆ అమ్మాయి మామూలుగా అడిగింది, రోజూ నలభై మందిని అడిగే మాటే. వీరనాగమ్మ కొంగు సర్దుకుని కూచుంది. ఎన్నేళ్ళ దాకా ఇస్తారు తల్లీ? ఒక్కసారికి పదేళ్ళకి మించి కుదరదమ్మా. పదేళ్ళేనా, ఇంకా అడిగితే ఇవ్వరా? ఇవ్వరమ్మా, పదేళ్ళయ్యాక మళ్ళీ అడగాలి. అయితే పదేళ్ళు రాయి. అయిపోకముందే మళ్ళీ వచ్చి అడుగుతా, నేను బతికుంటే నేను, లేకపోతే మా బ్రహ్మయ్య. రాయి తల్లీ, పదేళ్ళు. విన్నారా, మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుద్దని మన పెద్దోళ్ళు చెప్పారు. ఆమె పలికితే పదేళ్ళు పెరిగింది. జ్వరం వచ్చిన పదకొండు రోజుల్లో ఎవరన్నా ఇట్టా ఫోన్ చేసి ఎన్నేళ్ళు కావాలమ్మా అని అడిగుంటే, ఆ మహాతల్లి ఊరు దద్దరిల్లేట్టు అరిచి చెప్పుండేది. మనుషుల విషయంలో అట్టా అడిగేవాళ్ళు ఎవరూ లేరు, అదే వచ్చిన చిక్కు.

అదీ జరిగింది. ఆ గంటలు ఇప్పటికీ ఉన్నయ్యి, పేరు కొడితే ఆమె ఫోనే మోగుద్ది, నమ్మకపోతే కొట్టుకో. ఆమె ఇప్పుడు ఫోన్లో ఎవరడిగినా పేరు గబుక్కున చెప్పేస్తందంట, ఊళ్ళో ముసలమ్మలు బుగ్గలు నొక్కుకుంటన్నారు. నొక్కుకోనీ. ఏవయ్యా, కథలు రాసుకోవడానికి వచ్చినాయనా, ఇంకా ఏంది రాస్తన్నావు, కథ అయిపోయిందిగా. ఏందీ, చెప్పినవాళ్ళ పేరూ ఊరూ రాసుకోవాలా? నా పేరు బాపనమ్మ, రాసుకో. వయసా, డెబ్భై దాటినయ్యి అనుకో. మా ఆయన పేరా? అదుగో, ఆ పందిరి కింద చుట్ట కాలుస్తా కూచున్నాడే, పోయి ఆయన్నే అడిగి రాసుకో. నేనెందుకు చెప్తానయ్యా, మనిషి ఉన్నాడుగా.